మోకు బిళ్ళ

కార్తీక శుద్ధ పంచమి

వాడ పెద్ద అయిన సరంగుకి ఇవ్వాల్సిన టీచరు పుస్తకంలో ఈ రోజు ఒక్క ముక్క రాశాను: "మోకు. వచ్చింది. బిళ్ళ కుట్టాను." దానికి ముందు పలకల మీది ఉప్పు తుడిచాను, ఆవిరి కుండీలోంచి పదకొండు లీటర్ల నీళ్ళు దించాను, నాచు పచ్చడి నూరాను. అవి ఎవరికీ అక్కర్లేదు. మిగతాదంతా ఈ సొంత పుస్తకంలో రాస్తున్నాను, ఎందుకంటే పై మూడు మాటల్లో మధ్యది నిజం కాదు.

నూకాలు మా అక్క కూతురు. తొమ్మిదేళ్ళది. బావ గాలిమరల దగ్గర పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అక్క ఒక వారం మంచినీళ్ళు మోసే నీళ్ళ పంటు మీద పనికి, ఒక వారం ఇంట్లో. కాబట్టి చదువు చెప్పడం నా వంతు. మా వాడలో నీళ్ళ మీద తేలే ఇళ్ళు, అంటే పంటులు, నలభై ఒకటి. నలభై ఒక్క బడులు. ఏ ఇంటి పిల్లకి ఆ ఇంటి టీచరే చెబుతుంది, ఆమే బిళ్ళ కుడుతుంది. కూడికలకి ఒక బిళ్ళ, చదవడానికి ఒకటి, ఈతకి, నీళ్ళ కుళాయికి, దీపానికి. భుజం మీద పట్టీ నిండే కొద్దీ పిల్లల నడక మారిపోతుంది. మన్నించాలి, పెద్దల నడక కూడా.

మోకు బిళ్ళ అన్నిటికన్నా పెద్దది. పోటుకి నీళ్ళు లేస్తే పంటు లేస్తుంది. పంటుని కింద మునిగిపోయిన వాటర్ ట్యాంకు స్తంభాలకి కట్టిన మోకు మాత్రం లేవదు. నీళ్ళతో పాటు వించ్ బ్రేకు వదులుతూ మోకు ఇవ్వాలి. తక్కువిస్తే మూల కిందికి గుంజుకుని నీళ్ళెక్కుతాయి. ఎక్కువిస్తే పంటు ఊగి పక్కింటిని గుద్దుతుంది. ఈ పని చేసే మరలు ఒకప్పుడు ఉండేవట, ఉప్పు తినేసింది. ఇప్పుడు మనిషి చెయ్యే దిక్కు. అదీ బిళ్ళ ఉన్న చెయ్యి. మోకు బిళ్ళ రెండు బారల లోపు ఉంటేనే వించ్ తాళం దాన్ని గుర్తుపట్టి ఊడుతుంది.

నూకాలుకి నోటితో అంతా వచ్చు. ఎంత పోటుకి ఎన్ని బారలో నిద్రలేపి అడిగినా చెబుతుంది. అక్క పక్కన నిలబెట్టి బ్రేకు పట్టుకోమంటే, మోకు బిగిసి మూలగగానే చేతులు వదిలేసి చెవులు మూసుకుంటుంది. మూడుసార్లూ అంతే. మొన్న పక్క పంటు ఇందుమతి తన పధ్నాలుగు బిళ్ళలు తడుముకుంటూ, "మోకు రాని వాళ్ళు గట్టు మీదికి పోయి ఆవుల్ని కాసుకోవాలట" అందట. ఆవుని ఇద్దరూ బొమ్మలోనే చూశారు. అయినా అప్పట్నుంచి మా పిల్ల పుస్తకం తెరవలేదు, సరిగ్గా తినలేదు, గోడవైపు తిరిగి పడుకుంది.

అందుకని సూదిలో దారం ఎక్కించాను. వించ్ ఎలాగూ అక్క చూసుకుంటుంది, అక్క లేని వారం మామూలు పోట్లకి సరంగు మనిషి వచ్చి పట్టిపోతాడు కదా, తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి ఎవరిస్తారు అనుకున్నాను. ఇంకో సంగతి కూడా రాసిపెట్టాలి. నాకు మోకు బిళ్ళ లేదు. ఆరేళ్ళు గట్టు మీద హాస్టల్లో ఉండి గణితం చదివొచ్చిన దాన్ని. మోకు గురించి నాకు తెలిసిందంతా అక్క చెబితే రాసుకున్న రెండు పేజీలు.

శుద్ధ సప్తమి

బిళ్ళ పనిచేసింది. రెండు రోజుల్లో భిన్నాలు అయిపోయాయి. నూకాలు ఎడమ భుజం ముందుకి పెట్టి నడుస్తోంది, పట్టీ అందరికీ కనబడాలని. వించ్ దగ్గరికి పోయి తాళం టక్కుమని ఊడటం విని, వెనక్కొచ్చి, మళ్ళీ పోయి విని వచ్చింది. పదిసార్లు లెక్కపెట్టాను. బ్రేకు మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు.

అక్క నీళ్ళ పంటు నుంచి రేడియోలో, "నాలుగోసారికి పట్టేసిందన్నమాట! మీ బావకి కూడా చెప్పాను, అక్కడ అందరికీ మెత్తళ్ళ వేపుడు పంచాడట" అంది. నేను సరే అన్నాను. ఇంకేమనాలి?

శుద్ధ నవమి

పొద్దున్న సరంగు దమయంతిగారు పడవలో ఇంటింటికీ వచ్చి చీటీలు ఇచ్చిపోయారు. తుఫాను. పున్నమి మధ్యాహ్నం మన మీదికే. పున్నమి పోటు, దానిమీద తుఫాను ఉప్పెన.

చీటీ మూడుసార్లు చదివాను. మోకు బిళ్ళలు రెండున్న ఇల్లు ఒక మనిషిని వైద్యపంటుకి పంపాలి. అక్కడ ముసలివాళ్ళు, బాలింతలు, పడకమీద ఉన్నవాళ్ళు పదిహేడు మంది. మోకు పట్టేవాళ్ళు లేరు. మా ఇంటికి రెండు బిళ్ళలు. కాబట్టి:

వైద్యపంటు వించ్, రాజ్యం. సొంత పంటు వించ్, నూకాలు. నీటిమట్టం గేజీలు చదవడానికి, సుభాషిణి.

రాజ్యం మా అక్క, సుభాషిణి నేను. బిళ్ళ లేనిదాన్ని కాబట్టి నన్ను గేజీల దగ్గర పెట్టారు. తొమ్మిదేళ్ళ పిల్లని ఎలా పెట్టారని అడగబోయాను, ఆవిడే అన్నారు: "పిల్ల చిన్నదే. కానీ టీచరు కుట్టింది కదమ్మా. నువ్వు గట్టు మీద చదివినదానివి, నీ కుట్టు గట్టిదే అయ్యుంటుంది."

నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో తెలీదు.

ఇప్పుడు చెప్పేస్తే ఏమవుతుంది? అబద్ధపు బిళ్ళ బయటపడితే ఆ టీచరు కుట్టినవన్నీ విప్పుతారు. నూకాలు పట్టీ మొత్తం, ఈతతో సహా. ఆరేళ్ళ పిల్లల పక్కన మళ్ళీ మొదటి నుంచి. ఇందుమతి చూస్తుండగా. చెప్పకపోతే, పున్నమి మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే వించ్ దగ్గర.

ఆరు రోజులున్నాయి. ఆరు రోజుల్లో నిజంగా నేర్పితే బిళ్ళ నిజమైపోతుంది కదా. గణితం చదివినదాని బుద్ధి ఇలాగే పనిచేస్తుంది: జవాబు ముందే రాసేసి, వెనక నుంచి లెక్క కట్టుకుంటూ రావడం.

శుద్ధ ఏకాదశి

పొద్దున్న పోటుకి లేపాను. వించ్ దగ్గరికి రమ్మన్నాను.

"ఎందుకు?"

"మోకు పడదాం."

"నాకు బిళ్ళ ఉందిగా పిన్నీ." విసుగ్గా కాదు, నిజంగా అర్థంకానట్టు అడిగింది. "వచ్చిందాన్ని మళ్ళీ ఎందుకు నేర్చుకోవాలి?"

మూడేళ్ళుగా నేను నేర్పింది అదే. బిళ్ళ వచ్చిందంటే ఆ పుస్తకం మూసెయ్. ఈత బిళ్ళ వచ్చాక ఈ పిల్ల సరదాకి నీళ్ళలో దూకడం నేను చూడలేదు. చదివే బిళ్ళ వచ్చాక ఒక కథ తెరవడం చూడలేదు. ఒకటి కుట్టగానే తర్వాతది ఏంటని అడిగేది, నేను చెప్పేదాన్ని. ఇంత చురుకైన పిల్ల అని మురిసిపోయాను.

ఇంకో బిళ్ళ ఆశ పెట్టాలనుకున్నాను. తుఫాను బిళ్ళ అని ఒకటి కల్పించి, ఆల్చిప్ప అరగదీసి, మెరుగు పెట్టి. చిప్ప చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ డబ్బాలో పడేశాను.

సాయంత్రం పోటుకీ రాలేదు. భిన్నాలు చేసుకుంటూ కూర్చుంది. అన్నీ కరెక్టే.

శుద్ధ ద్వాదశి

చెప్పేశాను. పీతలు కడుగుతున్నాం ఇద్దరం. చేతులు పనిలో ఉంటే నోరు ఆడుతుందని. "నీకు మోకు రాలేదే. నేను ఊరికే కుట్టాను. నువ్వు తినట్లేదని" అన్నాను.

చాలాసేపు పీత డొప్పలోని ఇసుక కడిగింది. డొప్ప తెల్లగా అయినా ఇంకా కడుగుతూనే ఉంది.

"మరి మిగతావి?"

"అవి నిజమే."

"నీకెలా తెలుసు?"

రాత్రి అన్నం తింది. పట్టీ విప్పుతుందేమో అనుకున్నాను, విప్పలేదు. కానీ ఎడమ భుజం ముందుకి పెట్టడం మానేసింది.

నేను లోపలికెళ్ళి, మిగతా పదకొండింటినీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. ఈత నిజం. కూడికలు నిజం. నక్షత్రాల బిళ్ళ ఇచ్చిన రోజు మబ్బు పట్టింది, నోటితో చెప్పించుకుని ఇచ్చాను. దీపం బిళ్ళ రోజు జ్వరంగా ఉందని సగంలో ఆపి ఇచ్చాను. ఆ తర్వాత తలుచుకోవడం ఆపేశాను.

శుద్ధ త్రయోదశి

పొద్దున్న పిలవకుండానే వచ్చి వించ్ దగ్గర నిలబడింది. "నేను తాళం. నువ్వు పట్టు" అంది. నేను చేసుకున్న ఆలోచన కూడా అదే. బిళ్ళ దాని భుజాన ఉంటుంది, బ్రేకు నా చేతిలో ఉంటుంది. పెద్ద చేతులు కదా, నావి.

పెద్ద చేతులకీ రాలేదు. రెండు బారలు ఇవ్వాల్సిన చోట అయిదు జారింది. పంటు ఊగి ఇందుమతి వాళ్ళమ్మ కాసులత్త వంటగది మూలని గుద్దింది. ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఇందుమతి వినేలా, "ఏమ్మా టీచరమ్మా, మా గోడ మీద పాఠం చెబుతున్నావా? పిల్లకి బిళ్ళ ఇచ్చి నువ్వు పడుతున్నావేంటి వించ్?" అంది. గాలికి చెయ్యి జారిందన్నాను. గాలి లేదు. ఆవిడ నన్ను, పిల్లని, పట్టీని చూసి ఇంకేం అడగకుండా లోపలికి పోయింది. తిట్టే మనిషి తిట్టకుండా పోవడం నాకు నచ్చలేదు.

నూకాలు చెవుల మీద చేతులు తీసి, "నీకూ రాదు కదా" అంది. తప్పు పట్టినట్టు లేదు. లెక్క సరిచూసినట్టుంది.

అక్కతో రేడియోలో మాట్లాడదామంటే వాడలో సగం మంది అదే బ్యాండు మీద వింటారు. అక్క రేపు నీళ్ళ పంటు నుంచి తిన్నగా, సరంగు అందరినీ పేరుపేరునా అడిగే తుఫాను పిలుపుకే వస్తుంది. పిలుపు మొదలయ్యేలోపు పక్కకి తీసుకెళ్ళి చెప్పాలి. లేదంటే అందరిలో నేనే లేవాలి. ఏం మాట్లాడాలో ఇక్కడ రాసుకున్నాను, కొట్టేశాను, మళ్ళీ రాసుకున్నాను.

శుద్ధ చతుర్దశి

తుఫాను పిలుపు సరంగు పంటు మీద జరుగుతుంది. ఇంటికి ఇంత చోటని సుద్దతో గీతలు గీస్తారు, అందులో నిలబడాలి. సరంగు పేరు పిలిచి, ఏ పనో చెప్పి, "వచ్చా?" అని అడుగుతారు. పేరున్న వాళ్ళు "వచ్చు" అనాలి. "రాదు" అంటే బిళ్ళ విప్పి ఆవిడ దగ్గరున్న రేకుడబ్బాలో వెయ్యాలి, ఆ రోజుకి ఎవరూ ఎందుకని అడగకూడదు. అది నియమం. ఆ డబ్బా మూత తీయడం నేనెప్పుడూ చూడలేదు. మూత చుట్టూ తుప్పు.

అక్క పడవ ఆలస్యమైంది. వచ్చేసరికి సరంగు పన్నెండో ఇంటి దగ్గరున్నారు. మాది పంతొమ్మిదోది. అక్క మా గీతలోకి దూరి నూకాలు పట్టీ మీది మోకు బిళ్ళని బొటనవేలితో తుడిచింది. "అక్కా" అన్నాను. "ఉండవే, అయిపోనీ" అంది. పదహారు. పదిహేడు. కాసులత్త ఇల్లు పద్దెనిమిది. ఇందుమతి "వచ్చు" అంది, అందరికన్నా గట్టిగా.

"పంతొమ్మిది. రాజ్యం, వైద్యపంటు వించ్. వచ్చా?"

"వచ్చు."

"నూకాలు, సొంత వించ్. వచ్చా?"

రాసుకున్న మాట గుర్తుంది, నోరే తెరుచుకోలేదు. నూకాలు నా వైపు చూసింది. నేను చెబుతానేమోనని కాసేపు ఆగింది. ఆ కాసేపు నేను బతికినంత కాలం మర్చిపోను. తర్వాత సరంగు వైపు తిరిగింది.

"రాదు."

పట్టీ మీది కుట్టు విప్పడానికి దాని వేళ్ళకి చేతకాలేదు, నేను గట్టిగానే కుట్టాను మరి. పళ్ళతో కొరికి తెంపింది. నడుచుకుంటూ వెళ్ళి డబ్బా ముందు నిలబడింది. సరంగు మూత తీయబోతే రాలేదు, తెడ్డు మొనతో కొట్టి తీశారు.

అప్పుడు వచ్చింది నాకు మాట. "కుట్టింది నేను. దానికి రాదని తెలిసే కుట్టాను. నాకే మోకు రాదు."

అక్క నా వైపు తిరిగి చూడలేదు. తన చెయ్యి మాత్రం నూకాలు ఇందాక నిలబడ్డ ఖాళీలో అలాగే ఆగిపోయింది.

దమయంతిగారు తిట్టలేదు. "నీ సంగతి తుఫాను తర్వాత" అన్నారు. చీటీ మీద గీత కొట్టారు. అక్క సొంత పంటుకి. వైద్యపంటుకి మనిషి లేడు. పెన్సిలు పట్టుకుని కాసేపు ఆ గీతనే చూశారు. తర్వాత తలెత్తి, చీటీలో లేని మాట ఒకటి అడిగారు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

కాసులత్త దగ్గింది. "మా దానికి నేను కుట్టింది... రెండు పోట్లే చూశాను. వర్షం పడుతుందని" అంది. ఇందుమతి తల్లి మొహంలోకి చూసి, చూసి, పట్టీ మీద చెయ్యి వేసింది. ఏడుస్తూనే విప్పింది. ఏడో ఇంటి ముసలాయన, "నా బిళ్ళ మా నాన్న కుట్టాడు, ముప్ఫై ఏళ్ళుగా వించ్ మా ఆవిడే పడుతోంది" అన్నాడు. ఆవిడ "ఇప్పటికైనా చెప్పావు" అంది. కొందరు నవ్వారు, వెంటనే ఆపేశారు. అటునించి ఒకరు. ఇటునించి ఇద్దరు. ఆ వెనక ఇంకో ముగ్గురు.

డబ్బాలో తొమ్మిది బిళ్ళలు పడ్డాయి. చీటీ ప్రకారం వెళ్ళుంటే రేపు మధ్యాహ్నం తొమ్మిది వించ్‌ల దగ్గర చేతకాని చేతులు ఉండేవి. అన్నీ ప్రేమతో కుట్టినవే.

దమయంతిగారు చీటీ చింపేశారు. "చీకటి పడేలోపు పంటులు జతలు కట్టండి. ప్రతి కట్టకీ నిజంగా వచ్చిన చెయ్యి ఒకటి ఉండాలి. వైద్యపంటుని పద్దెనిమిదికీ పంతొమ్మిదికీ మధ్య పెట్టండి, మూడూ రాజ్యం చూస్తుంది." అంతే, అందరూ తాళ్ళ కోసం పరిగెత్తారు.

పౌర్ణమి

నాలుగు మాటలే రాస్తాను.

మధ్యాహ్నానికి నీళ్ళు గేజీ దాటిపోయాయి, చదవడానికి ఏమీ మిగల్లేదు. అక్క వించ్ మీద, నేను అక్క వెనక. అక్క నా రెండు చేతుల్నీ లాగి తన చేతుల కింద బ్రేకు మీద పెట్టింది. నిన్నటి నుంచి నాతో అన్న మొదటి మాట అప్పుడే అంది: "నొక్కకు. విను."

గాలిలో ఏం వినబడుతుంది? నాకేమీ వినబడలేదు. మా కాళ్ళ దగ్గర నడుముకి తాడు కట్టుకుని కూర్చున్న నూకాలు చెవులు మూసుకుంది. అక్క దాన్ని చూసి వెంటనే బ్రేకు వదిలింది. ఆ తర్వాత మోకు మూలిగింది, నాకూ వినబడేంతగా. మళ్ళీ అంతే. పిల్ల చేతులు చెవుల మీదికి వెళ్ళడం, అక్క వదలడం, ఆ తర్వాత మూలుగు. మూడోసారికి అక్క నా వైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. మూడేళ్ళుగా రోజూ ఎదురుగా కూర్చుని ఆ పిల్ల గురించి నేను రాసుకున్నది, "భయం, ధ్యాస తక్కువ."

ఇరవై రెండో పంటు మూల మునిగింది, మనుషుల్ని తాళ్ళతో లాగారు. వైద్యపంటులో ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రం నాలుగింటికి పాటు మొదలైంది, నీళ్ళు దిగడం.

బహుళ తదియ

దమయంతిగారు వచ్చారు. టీచరు పుస్తకం తీసుకుని, నా పేరు మీద అడ్డంగా గీత కొట్టారు. ఏడాదిపాటు నేను సూది పట్టకూడదు, బిళ్ళలు అక్కే కుట్టాలి. మోకు నేర్చుకుంటే అప్పుడు చూస్తామన్నారు. నూకాలు బిళ్ళలు పదకొండూ, నియమం ప్రకారం విప్పేయకుండా, మళ్ళీ చూశారు, పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా, ఒక్కోటీ చేతితో చేయించి. ఎనిమిది ఉన్నాయి. మూడు పోయాయి. దీపం, నక్షత్రాలు, ఇంకోటి నేను అనుమానించనిది: చదవడం. పాఠంలో లేని కాగితం ఇస్తే తడబడింది. నా వాచకాన్ని బట్టీపట్టిందంతే.

పిల్ల ఏడవలేదు. ఆవిడ వెళ్ళాక ఆ కాగితం తీసుకుని నా దగ్గరికొచ్చింది. పంటు మరమ్మతుల జాబితా, అందులో కథ లేదు, బొమ్మ లేదు. "ఇదేంటో చదివి చెప్పు" అంది. ఎందుకని అడిగాను. "ఏం రాసుందో తెలియాలి కదా" అంది.

మార్గశిర శుద్ధ ఏకాదశి

పొద్దున్న ఉప్పు తుడవడం నూకాలు, ఆవిరి కుండీ నేను. పోటు సమయానికి ఇద్దరం అక్క ముందు నిలబడతాం. అక్క చెబుతున్నప్పుడు నేను ఏదైనా రాసుకోబోతే చేతి మీద కొడుతుంది. ఇందుమతి కూడా వస్తోంది, వాళ్ళమ్మ పంపింది. నిన్న మోకు మూలిగినప్పుడు నాకు మొదటిసారి వినబడింది, మూలుగు కంటే ముందు వచ్చే సన్నటి కీచు. సగం క్షణం. నూకాలుకి అది ఎప్పట్నుంచో వినబడుతోంది. ఇప్పుడు చెవులు మూసుకోవడం లేదు, పళ్ళు బిగించి వింటోంది.

ఈ రోజు పోటంతా అది ఒక్కతే పట్టింది. మొదటి నుంచి చివరి దాకా. ఎక్కడా కుదుపు లేదు. కాసులత్త తలుపులోంచి చూసి ఏమీ అనకుండా పోయింది, ఈసారి అది నాకు నచ్చింది. అక్క లోపలికెళ్ళి సూది, దారం, మోకు బిళ్ళ తెచ్చింది. కుట్టడానికి పట్టీ ఇమ్మని చెయ్యి చాచింది.

నూకాలు పట్టీ ఇవ్వలేదు. బ్రేకు మీద చెయ్యి తీయకుండా నీళ్ళ వైపు చూస్తోంది.

"ఈ రోజు గాలి లేదు కదమ్మా" అంది. "గాలున్న రోజు ఇంకో రెండు పోట్లు చూడు."

అక్క సూదిని తన కొంగుకి గుచ్చింది, దారం ఎక్కించి ఉన్నదాన్ని అలాగే.